బంతిలో నా పక్క విస్తరి

బాపట్లలో నా మీద ఒక మాట తిరుగుతోంది. తోడల్లుడు పోయాడని ఫోన్ వచ్చాక కూడా నేను చెయ్యి కడుక్కోలేదట. కంచంలో ఉన్నదంతా తిని, అప్పుడు లేచానట. ఈ మాట మొదట ఎవరి నోట వచ్చిందో నాకు తెలుసు. ఆ తరువాత ఎవరెవరి ఇళ్ళకు వెళ్ళిందో కూడా తెలుసు. ఇలాంటివి మరచిపోయే మనిషిని కాను నేను.

అబద్ధమైతే కొట్టిపారేసేవాణ్ణి. కానీ నిజమే. తిన్నాను.

ఆ మధ్యాహ్నం నేను పెరుగన్నంలో ఉన్నాను. మా ఆవిడ ఫోన్ ఎత్తి, "ఎప్పుడే? ఎప్పుడే అక్కా?" అంటూ వంటింటి గుమ్మంలోనే కూలబడింది. మా తోడల్లుడు పొద్దున టిఫిన్ చేసి, పేపరు చదువుతూ కుర్చీలోనే తల వాల్చేశాడట. ఎవరి చేతా ఒక గ్లాసు మంచినీళ్ళు కూడా తెప్పించుకోలేదట. చావు కబురు వింటే అన్నం ముందు నుంచి లేవాలి. ఎవరైనా చేసేది అదే. నేను కంచంలోకి చూశాను. ఇంకా కొంచెం అన్నం ఉంది. మీకైతే అది క్షణంలో అయిపోతుంది. ఆపరేషన్‌లో జీర్ణాశయం తీసేసిన నాకు అది చాలాసేపటి పని. మా ఆవిడ ఏడుపు మధ్యలోనే నా వైపు చూసి, "ఇంకా తింటారేంటండీ, లేవండీ!" అంది. నేను లేవలేదు. ఒక్కొక్క ముద్దే నమిలి, అది దిగాక ఇంకొకటి తీసుకుని, కంచం ఖాళీ చేసి లేచాను.

ఎందుకో చెప్పాలంటే ఆయన సంగతి చెప్పాలి. ఆయన సంగతి రేపల్లెలో నాకు జరిగిన అవమానం దగ్గర మొదలవుతుంది.

ఆయన మా ఆవిడ అక్క భర్త. వరసకు నాకు అన్నయ్య. రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి, బాపట్లలో ఇల్లు కట్టుకున్నాడు. ఆయన తిండి తినే తీరు చూసి తీరాల్సిందే. ఒక బండి వెళ్ళి ఇంకో బండి వచ్చేలోగా తిని తిని ఆయనకు అదే అలవాటైపోయింది. కూర్చోగానే చేతి గడియారం విప్పి విస్తరి పక్కన, తనకు ముల్లు కనిపించేటట్టు పెట్టేవాడు. ఒక మోకాలు పైకి పెట్టి కూర్చునేవాడు, ఏ క్షణాన్నైనా లేవడానికి వీలుగా. పప్పు, కూర, పులుసు, మధ్యలో మాట ఉండదు. వడ్డించేవాళ్ళు బంతి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చేసరికి విస్తరి అంచు మీద నడిమివేలితో టకటక కొడుతూ ఉండేవాడు. పెరుగు తెమ్మని దాని అర్థం. ఆకంతా ఊడ్చేసి, "లైన్ క్లియర్" అని లేచేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేను నవ్వేవాణ్ణి కాను.

నన్ను ఆయన "తెనాలీ" అని పిలిచేవాడు. మాది తెనాలి కాదు, అంగలకుదురు. తెనాలికి ఆనుకునే ఉంటుంది, బజారుకైనా బస్సుకైనా తెనాలే వెళ్తాం, అది వేరే సంగతి. ఊరు ఊరే. పెళ్ళయిన కొత్తలోనే ఈ విషయం ఆయనకు స్పష్టంగా చెప్పాను.

"అన్నయ్యగారూ, మాది అంగలకుదురండి."

"అక్కడ మా బండి ఆగదోయ్. తెనాలిలో ఆగుతుంది. కాబట్టి నువ్వు తెనాలివే."

తరువాత కూడా ఎన్నోసార్లు చెప్పాను. వినలేదు. మా అత్తవారింట్లో పనివాళ్ళు కూడా నన్ను తెనాలి అల్లుడుగారు అనడం మొదలుపెట్టారంటే అది ఆయన పుణ్యమే.

ఇక ఆ అవమానం. మా చిన్న మరదలి పెళ్ళి మా అత్తవారి ఊరు రేపల్లెలో జరిగింది. అప్పట్లో ఇంకా కింద కూర్చోబెట్టి అరిటాకుల్లో వడ్డించేవాళ్ళు. మా మామగారు అల్లుళ్ళిద్దరినీ మొదటి బంతిలో కూర్చోబెట్టారు. పెద్దల్లుడు గనుక ఆయన మొదట, పక్కన నేను. బంతి మర్యాద అందరికీ తెలిసిందే. వరసలో కూర్చున్నవాళ్ళందరూ తినడం అయ్యాకే లేవాలి. పక్కవాడు తింటుండగా లేచామంటే వాణ్ణి చెయ్యి పట్టుకుని లేపేసినట్టే. అందులోనూ పెద్దవాడు లేస్తే మిగతావాళ్ళు ఆగరు గనుక పెద్దవాడు మరీ చూసుకోవాలి. నేను పెరుగన్నం కలుపుతున్నాను. ఆఖర్న తిందామని సగం కొరికిన బొబ్బట్టు ఒకటి ఆకు చివర ఉంచుకున్నాను. ఆయన గడియారం చూశాడు. "లైన్ క్లియర్" అన్నాడు. లేచాడు. ఆయనతోపాటు వరసంతా లేచింది. నేను పెరుగు చేత్తో తలెత్తి చూసేసరికి నా చుట్టూ అందరి మోకాళ్ళే. విస్తర్లు తీసేవాడు నాదీ అయిపోయిందనుకుని ఆకు మడిచేశాడు. బొబ్బట్టు అందులోనే ఉంది.

సాయంత్రం ఆయనకు డ్యూటీ ఉందని, బండి తప్పిపోతుందని అలా లేచాడని మా ఆవిడ తరువాత సర్దిచెప్పింది. డ్యూటీ ఉన్న మనిషి బంతి చివర కూర్చోవాలి, పెద్దల్లుడి చోట కాదు. అప్పటి నుంచి రేపల్లెలో ఏ శుభకార్యం జరిగినా, ఆయన ఏ బంతిలో కూర్చున్నాడో ముందు చూసుకుని నేను ఇంకో బంతిలో కూర్చునేవాణ్ణి. "చిన్నపిల్లాడు నయం" అనేది మా ఆవిడ. అననిచ్చాను. అలాగే మా ఇద్దరి జుట్టూ నెరిసింది.

నాకు జబ్బు చేసింది. ముందు అరగడం లేదనుకున్నాం. తరువాత అల్సర్ అన్నారు. చివరికి గొంతులోంచి గొట్టం వేసి చూసి, ముక్క తీసి పరీక్షకు పంపి, కడుపులో క్యాన్సర్ అన్నారు. అప్పటికే ఒళ్ళు సగమైంది. ప్యాంటు నిలవక బెల్టుకు కొత్త చిల్లులు పొడిపించుకున్నాను. గుంటూరు ఆసుపత్రికి వెళ్ళే రోజున మా ఆవిడ నాకు చెప్పకుండా వాళ్ళ బావగారిని రప్పించింది. డాక్టర్లతో మాట్లాడడానికి ఒక మగమనిషి ఉండాలట. మరి నేనెవరినో!

డాక్టరు రిపోర్టులన్నీ చూశాడు. నా జబ్బ మీద కండ నొక్కి చూశాడు. ఇప్పుడు ఆపరేషన్ చేయనన్నాడు.

"కోయడం వరకే నా పనండీ. లోపల కుట్లు అతుక్కోవడం మీ ఒంటి పని. ఈ ఒంటికి ఆ శక్తి లేదు. రక్తంలో ప్రొటీన్ బాగా తగ్గిపోయింది. కొన్ని వారాలు బాగా తిని, కండ పట్టి రండి. అప్పుడు చేద్దాం."

"పట్టకపోతే?" అన్నాను.

ఆయన రిపోర్టులు సర్ది కవర్లో పెట్టాడు. "పట్టాలి" అన్నాడు.

పలక తెచ్చుకోలేదని బడిలోంచి ఇంటికి తరిమేసినట్టు తరిమేశాడు. తినగలిగితే అతని దగ్గరకు నేనెందుకు వెళ్తాను? పక్క గదిలో ఆహారం సంగతి చెప్పే అమ్మాయి ఉంది. గుడ్లు, చేపలు, పాలు, పెరుగు, పప్పులు, వేరుశనగ, ఏదైనా సరే కొంచెం కొంచెంగా రోజంతా తింటూనే ఉండాలి అని చెప్పింది. మా తోడల్లుడు అంతా విన్నాడు. చివర్లో ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఈయన ఒక పూట అన్నం తినడానికి ఎంతసేపు పట్టొచ్చమ్మా?"

ఆ అమ్మాయి కాస్త ఆశ్చర్యపోయింది. "ఎంతసేపైనా పట్టనివ్వండి సార్. మధ్యలో వదిలేసి లేవకుండా మాత్రం చూసుకోండి."

ఆయన తల ఊపాడు. బయటికి వచ్చాక మాతో బస్సెక్కలేదు. రేపల్లెలో పనుందని వెళ్ళిపోయాడు. పెద్దమనిషి పని అయిపోగానే లేచిపోయాడు, మామూలేగా అనుకున్నాను.

మా ఇంట్లో జబ్బంటే పథ్యం. జ్వరమొచ్చినా పథ్యమే, కామెర్లొచ్చినా పథ్యమే. డాక్టరు క్యాన్సర్ అన్న రోజు నుంచి మా ఆవిడ బార్లీ నీళ్ళు, రాగిజావ, ఉప్పూ కారం లేని ఇడ్లీ తప్ప ఏమీ పెట్టడం లేదు. గుడ్డు వేడి. చేప పడదు. వేరుశనగ పైత్యం. పెరుగు జలుబు. పైగా చూడడానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఒక సంచెడు యాపిల్ పళ్ళు ఇచ్చి, ఒక వస్తువు మాన్పించి వెళ్ళేవాళ్ళు. "తిన్నదంతా గడ్డకే పోతుందంట వదినా, ఒంటికి పట్టదంట. కడుపు మాడిస్తే గడ్డే మాడిపోతుందంట" అని ఒకావిడ చెప్పింది. ఆవిడ పేరు నాకు గుర్తుంది. మా ఆవిడ ప్రేమ కొద్దీ, భయం కొద్దీ నన్ను మాడుస్తోంది. నాకూ అది హాయిగానే ఉంది, రెండు ముద్దలకే గొంతుదాకా నిండినట్టు ఉండేది గనుక. ఆవిడ నిలబడి చూస్తుంటే తినలేక కంచం పట్టుకుని వెనక గదిలోకి పోయేవాణ్ణి. మింగినంత మింగి, మిగతాది పెరట్లో కుక్కకు పెట్టేవాణ్ణి. ఆ రోజుల్లో మా ఇంట్లో ఒళ్ళు చేసింది ఆ కుక్క ఒక్కటే.

గుంటూరు వెళ్ళొచ్చిన మర్నాడు పొద్దున్నే మా ఇంటి ముందు ఆటో ఆగింది. ఆయన దిగాడు. చేతిలో మూతకు చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ డబ్బా. రేపల్లెలో మా అత్తవారింట్లో పడుకుని, తెల్లవారకముందే లేచి రేవు దగ్గరికి వెళ్ళి, అక్కడ చేపలు పట్టేవాళ్ళ దగ్గర తీసుకుని, రేపల్లె బండిలో తెనాలి వచ్చాడు. డబ్బాలో నీళ్ళలో కొర్రమీను కదులుతోంది.

"మరదలా, పులుసు పెట్టు."

"అయ్యో బావగారూ, చేపేంటండీ! పథ్యం కదండీ!"

"నిన్న డాక్టరు ఏం చెప్పాడు?"

"వాళ్ళకేమండీ, ఎన్నైనా చెబుతారు. ఆ గడ్డ కాస్తా రాజుకుంటే?"

"రేపు కుట్లు ఊడిపోతే?"

మా ఆవిడ డబ్బాలోకి చూస్తూ నిలబడింది. ఆయన గొంతు తగ్గించి అన్నాడు. "నీ జావ నువ్వు తాగమ్మా, నీకూ ఓపిక కావాలి. ఈయనకు చేప పెట్టు. నాకూ పెట్టు. ముందుగదిలో బంతి వెయ్యి."

"ఇద్దరికి బంతేంటండీ!"

"ఇద్దరుంటే బంతేగా. పెరట్లో ఆకులు కొయ్యి."

అలా ఇన్నేళ్ళ తరువాత మళ్ళీ నా పక్కన ఆయన ఆకు పడింది. ఆయన చేతి గడియారం విప్పాడు. ఇదిగో, మొదలైంది అనుకున్నాను. ఆయన దాన్ని ఆకు పక్కన పెట్టలేదు. ముల్లు చూడకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు. రెండు మోకాళ్ళూ మడిచి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

తినడం మాత్రం ఎప్పటిలాగే తిన్నాడు. నేను ముల్లు తీసుకుంటూ రెండో ముద్ద దగ్గర ఉండగానే ఆయన ఆకు ఖాళీ అయింది. కానీ పూర్తిగా కాదు. ఒక్క ముద్ద మిగిల్చాడు. దాన్ని ఆకు మధ్యలో పెట్టి, దాని పక్కన చెయ్యి ఆనించి ఊరుకున్నాడు.

"మీదయిపోయిందిగా, లేవండి అన్నయ్యగారూ" అన్నాను.

"ఏదీ, ఇంకా ఉందిగా" అని ముద్ద చూపించాడు.

పెద్దవాడు తింటుండగా నేను లేవడానికి లేదు. నేను తింటుండగా ఆయన లేవడు. ఇరుక్కుపోయాను. పెరట్లో కుక్క గుమ్మం దాకా వచ్చి చూసి, వెళ్ళిపోయింది.

ఆయన నా వైపు చూడలేదు. గోడ వైపు చూస్తూ కబుర్లు చెప్పాడు. పట్టాల మీద గేదెలు పడుకుని ఎక్స్‌ప్రెస్‌ను ఆపేసిన కథ, పెళ్ళికొడుకును ప్లాట్‌ఫారం మీద మరచిపోయి బండెక్కేసిన పెళ్ళివారి కథ. మధ్యమధ్య, "దిగిందా? దిగితే లైన్ క్లియర్. ఇంకో బండి పంపు. దిగకుండా పంపకు" అనేవాడు. నేను తిన్నానో మింగానో, ఎండ గుమ్మంలోంచి గది మధ్యకు వచ్చింది. ఆయన వేళ్ళకున్న అన్నం ఎండి, తెల్లగా పొలుసులు కట్టింది. పిడికిలి కదిపితే చిట్లుతోంది. ఆ చెయ్యి ఆయన కడుక్కోలేదు. నా ఆకులో ఆఖరి మెతుకు అయ్యాక, ఎండి గట్టిపడిన ఆ ముద్ద నోట్లో వేసుకున్నాడు. అప్పుడు లేచాడు.

మర్నాడు వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. పొద్దున బాపట్లలో బండెక్కడం, మధ్యాహ్నం నాతో అన్నం తినడం, సాయంత్రం నాతో గుడ్డో వేరుశనగ ఉండో తినడం, మళ్ళీ బండెక్కడం. వానొచ్చినా వచ్చాడు. ఒకరోజు ఒళ్ళు వెచ్చగా ఉన్నా వచ్చాడు. "పొద్దున టిఫిను నీ బంతి" అని మా ఆవిడను కూడా కూర్చోబెట్టాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నేను తిన్నాక తినడమే గానీ నా పక్కన కూర్చుని తిన్నది లేదు. మొదటి రోజు సిగ్గుపడి గోడ వైపు తిరిగి తింది. తరువాత తరువాత నా ప్లేటులోకి చూసి, "మీదింకా అవలేదు, నేను లేవను" అనడం నేర్చుకుంది.

అయినా ఒకసారి నేను కాళ్ళు చాపేశాను. పొద్దున తిన్నదంతా కక్కుకున్న రోజు అది. మధ్యాహ్నం తినలేకపోయిన అన్నానికి సాయంత్రం ఆకు ముందు కూర్చుంటే వాసనకే తిప్పుతోంది. బరువు తూచే మిషన్ కూడా నా మీద పగబట్టినట్టు అక్కడే నిలబడింది.

"నా వల్ల కాదు" అన్నాను.

"ఒక్కటి దిగనీ, తరువాత చూద్దాం."

"మీకేం తెలుసండీ? ఆ రోజు రేపల్లెలో నేను పెరుగన్నంలో ఉండగా లేచిపోయారు. వరస వరసంతా లేపేశారు. నా ఆకు మడిపించేశారు. బొబ్బట్టు కూడా తిననివ్వలేదు. ఇవాళొచ్చి తిను తిను అంటారా?"

వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది. "రామ రామ! ఎప్పటి మాటండీ అది!" అంది మా ఆవిడ.

ఆయన మొదటిసారి నా మొహంలోకి చూశాడు. గుర్తు తెచ్చుకుంటున్నాడో, ఎప్పటి నుంచో గుర్తున్నదాన్ని లోపల పెట్టుకుంటున్నాడో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

"లేచానా?" అన్నాడు.

"లేచారు."

"లేచే ఉంటాను. ఇప్పుడు కూర్చున్నాగా. తిను."

అప్పుడే తెనాలి వైపు నుంచి రైలు కూత వినిపించింది. గాలి అటు నుంచి వీస్తే మా ఇంటి దాకా వస్తుంది. మా ఆవిడ గాభరాగా బయటికొచ్చి, "బావగారూ, మీ బండి వచ్చేసిందండీ!" అంది.

"పోనీ."

జీవితమంతా కూత వినగానే లేచి నిలబడిన మనిషి. అన్నం మధ్యలో, నిద్ర మధ్యలో, పెళ్ళి బంతిలో. ఆ మనిషి ఆ సాయంత్రం తల కూడా ఎత్తలేదు. కూత రెండోసారి వినిపించింది. బండి కదిలిన చప్పుడు సన్నగా వచ్చి, ఆగిపోయింది. ఆయన చూపు నా ఆకు మీదే ఉంది, చెయ్యి తన ముద్ద పక్కనే ఉంది. నా కోపం ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. కొండలు పిండి కొట్టిన మనుషుల గురించి విన్నాను. నా కళ్ళతో నేను చూసిన గొప్ప పని మాత్రం అదొక్కటే, ఒక మనిషి లేవకుండా కూర్చోవడం. నేను ముద్ద కలుపుకున్నాను. అది దిగింది. ఇంకొకటి కలుపుకున్నాను.

ఆ మర్నాడు టిఫిన్ క్యారియర్ తెచ్చాడు. అందులో మా వదినగారు చేసిన బొబ్బట్లు. "నెయ్యి ఎక్కువ వేయించాను, బలం" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట లేదు. ఒక బొబ్బట్టు తినడానికి ఎంతసేపు పట్టిందో అడక్కండి. ఆయన కూర్చునే ఉన్నాడు.

డాక్టరు మళ్ళీ జబ్బ నొక్కి చూశాడు. "తిన్నట్టున్నారే" అన్నాడు. అంత కష్టానికి ఆయన ఇచ్చిన మెప్పు అదే. సరే, ఆపరేషన్ చేశాడు. కడుపు మొత్తం తీసేసి, పేగును పైకి తెచ్చి కలిపాడట. కొన్నాళ్ళు నోట్లో నీటి చుక్క పోయడానికి లేదు. పొట్ట పక్కనుంచి పేగులోకి సన్నటి గొట్టం వేసి, సంచిలోంచి పాలలాంటి ద్రవం చుక్కలు చుక్కలుగా ఎక్కించేవాళ్ళు. మా తోడల్లుడు క్యాంటీన్ నుంచి ఇడ్లీ తెచ్చుకుని నా మంచం పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. చివరి ముక్క మిగిల్చి, సంచి వైపు చూస్తూ ఉండేవాడు.

"పెద్దాయనా, టైమైపోయింది, బయటికెళ్ళండి" అంది నర్సమ్మ.

"భోజనం మధ్యలో లేపుతావామ్మా?"

"ఎవరి భోజనమండీ?"

ఆయన సంచి చూపించాడు. ఆ అమ్మాయి నవ్వి, సంచి అయ్యేదాకా ఊరుకుంది. నాకు నవ్వొస్తే కుట్లు లాగాయి. లాగాయి గానీ ఊడలేదు. నలుగురికీ వినపడేటట్టు డాక్టరు, "లోపల బాగా అతికింది" అన్న రోజున నాకు స్పూనుతో నీళ్ళు ఇచ్చారు. ఆయన తన కాఫీ కూడా స్పూనుతో తాగాడు. వేడి కాఫీ గుటకలో మింగేసే మనిషి, అది చల్లారి మీగడ కట్టేదాకా ఒక్కొక్క చెంచాయే తాగాడు.

ఇంటికొచ్చాక తినడం మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నాను. కొంచెమే తినాలి, తరచుగా తినాలి. తీపి తగిలితే చెమటలు పట్టి గుండె దడదడలాడేది. నాకు కాస్త చేతనైందని అనిపించాక ఆయన రావడం తగ్గించాడు. ఆఖరిసారి వెళ్తూ గుమ్మంలో చెప్పులేసుకుంటూ అన్నాడు.

"తెనాలీ, ఇక నీ బంతి నువ్వే చూసుకో. ఎవరు లేచినా నువ్వు లేవకు. కంచంలో ఉన్నది అయ్యాకే లే."

"ఇల్లు అంటుకున్నా?" అన్నాను వెటకారంగా.

"కంచం పట్టుకుని బయటికెళ్ళి అక్కడ తిను."

ఇదీ సంగతి. బాపట్లలో మాట్లాడుకునేవాళ్ళు ఇప్పుడు ఏమైనా మాట్లాడుకోవచ్చు.

పెద్దకర్మకు వెళ్ళాను. నన్ను చూసి ఇద్దరు ముగ్గురు గుసగుసలాడుకున్నారు, వాళ్ళెవరో చూసుకున్నాను. మా వదినగారు మాత్రం నన్ను పక్కకు పిలిచి నేరుగా అడిగింది. "ఫోన్ వచ్చినప్పుడు అన్నం తింటున్నారట కదా. అంతా తిన్నారా, మధ్యలో లేచారా?"

"అంతా తిన్నానండి."

"అదే కావాలి" అంది. కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళింది. రేపల్లె సంగతి ఆయనకు గుర్తుండేదా అని అడుగుదామనుకున్నాను. అడగలేదు.

భోజనాలు షామియానా కింద, బల్లల మీద. ఇప్పుడు బంతి మర్యాద ఎవరికీ లేదు. ఎవరిది అయితే వాళ్ళు లేచి, ఫోన్ చూసుకుంటూ పోతున్నారు. నేను గడియారం విప్పి జేబులో వేసుకుని తిన్నాను. నేను తినేది కొంచెమే గనుక, నెమ్మదిగా తిన్నా దాదాపు అయిపోవచ్చింది. చూస్తే మా వరసంతా ఖాళీ. నా పక్కన ఒక ముసలాయన మాత్రం మిగిలాడు, పళ్ళు లేవు. గారెను చారులో నానబెట్టుకుని, తుంచుకుని చప్పరిస్తున్నాడు. వెనక కుర్చీలు పట్టుకుని నిలబడ్డ జనాన్ని చూసి, ఆయన ఆకులో అన్నం ఉండగానే మడవబోయాడు.

"కానివ్వండి. నాదింకా అవలేదు" అన్నాను.

ఆయన నా ఆకులోకి చూశాడు. ఒక్క ముద్ద ఉంది. నా మొహంలోకి చూశాడు. మడిచిన ఆకు మళ్ళీ విప్పుకున్నాడు.

ఆకులు తీసే కుర్రాళ్ళ మేస్త్రీ వచ్చాడు. "బాబాయ్, లేస్తే బల్ల తుడుస్తాం. జనం నిలబడ్డారు."

"భోజనం మధ్యలో లేపుతావా?"

సణుక్కుంటూ పోయాడు. అతని మొహం గుర్తుపెట్టుకున్నాను. ముసలాయన ఇంకో గారె ముక్క చారులో వేసుకున్నాడు. నా వేళ్ళ మీద పెరుగు ఎండి, చర్మం బిగుసుకుంది. ఆయన తిన్నాడు, నీళ్ళు తాగాడు, మళ్ళీ తిన్నాడు. ఆయన ఆకు ఖాళీ అయ్యాక నా ముద్ద నేను నోట్లో వేసుకున్నాను. గట్టిగా ఉంది. నమిలాను. దిగింది. ఇద్దరం కలిసి లేచాం.

చేతులు కడుక్కునే చోట ఆయన అడిగాడు. "నేను స్టేషన్ మాస్టరుగారి దగ్గర పోర్టరుగా చేశానండి. మీది ఏ ఊరండీ?"

"తెనాలండి" అన్నాను.